ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు

పడవలవాళ్ళు నాకు లైఫ్ జాకెట్ తొడిగించి, ముందున్న మూడు బకిళ్ళూ బిగించి, చేతికి తెడ్డు కూడా ఇచ్చాక, అప్పుడు నోరు తెరిచారు మా ఆయన.

"ఆరు దాటనీ. ఇప్పుడు వొద్దు."

నాకు ఒక్క క్షణం బుర్రకెక్కలేదు. ఎక్కగానే ఒళ్ళు భగ్గుమంది. ఆదివారం. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసి, ఆదివారం సాయంత్రం అనగానే ఆ సంగతి తట్టకపోవడం నా తప్పే. అరవయ్యేళ్ళ సంబరంలో పడి మరిచిపోయాను.

ఊరి చివర షోళింగనల్లూరు దాటి ఇంకాస్త పోయి లోపలికి తిరిగితే ఈ చెరువు వస్తుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక పక్కంతా గుర్రపుడెక్క, ఇంకో పక్క పడవల కంపెనీవాళ్ళు నీళ్ళ మీద తేలేట్టు వేసిన ప్లాస్టిక్ జెట్టీ. మనిషికో సన్నటి పడవ ఇస్తారు. ముందు గైడు పోతుంటే వెనకాల మనమే తెడ్డు వేసుకుంటూ చెరువు నడుమ దాకా పోయి, పొద్దు గుంకడం చూసి తిరిగి రావడం. కయాకింగ్ అంటారట దాన్ని. మా అమ్మాయి శ్రుతి ఆ దగ్గర్లోనే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. నా పుట్టినరోజుకని మా ముగ్గురికీ అదే బుక్ చేసింది.

అడిగింది నేనే. "అమ్మా, నీకు అరవై నిండతా ఉండాది, ఏం కావాల చెప్పు" అని అది అడిగితే, చీర వద్దు, గాజులు వద్దు, ఎవరూ నన్ను తీసుకుపోకుండా నా అంతట నేను నడుపుకుపోయేది ఏదైనా ఒకటి కావాలన్నాను. సైకిలు నేర్చుకోలేదు నేను. స్కూటరు ముట్టుకోనివ్వలేదు నన్ను. ఎప్పుడూ వెనక సీటే. మూడేళ్ళ కిందట మా ఆయనకు అరవై వస్తే పీటల మీద కూర్చోబెట్టి, నాదస్వరం పెట్టి, నా మెడలో మళ్ళీ తాళి కట్టించి, బజారు బజారుకంతా భోజనాలు పెట్టారు. ఆడదానికి అరవై వస్తే మోకాళ్ళు చూపించుకోమంటారు. అందుకే ఈ గంట నాకు కావాలి. నా పడవ, నా చేతిలో తెడ్డు, ఒక్క గంట. అంతకు మించి నేనేమీ అడగలేదు.

"ఆరు దాటాకనా?" అన్నాడు గైడు. జెబకుమార్ అతని పేరు. నలభై ఏళ్ళుంటాయి, ఎండకు కమిలిన మొహం, మెడలో ఈల. అతను మాట్లాడిందంతా తమిళమే, నేను తెలుగులో చెప్తున్నాను. "లేదు సార్. ఐదుంబావుకు ఆఖరి పడవ వదులుతాం. ఆరుంబావుకు పొద్దు గుంకుతుంది, అప్పటికి అందరూ గట్టెక్కేయాలి. చీకటి పడ్డాక నీళ్ళ మీద ఎవర్నీ ఉంచం. ఇది రూలు."

"రూలు మాకూ ఉండాదప్పా" అని నవ్వారు మా ఆయన. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఏకాంబరంగారి నవ్వు చూసి ఎంత మంచి మనిషో అని బజారంతా అనుకుంటుంది. జార్జిటౌన్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేలు మాది. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు. పెంచాల్సిన అవసరం రాదు ఆయనకు.

శ్రుతి తల పట్టుకుంది. "నాన్నా, ప్లీజ్ పా. టైము నీకు వాట్సాప్‌లో పంపిస్తిని కదా."

"సన్‌సెట్ అని పంపిస్తివి. సన్‌సెట్ అంటే పొద్దు గుంకేటప్పుడు. పొద్దు గుంకేది ఆరు దాటినాకనే కదా? సరిగ్గా సరిపోయె అనుకుంటిని. నాలుగూ నలభై అయిదుకు రమ్మంటే, ముందే వచ్చి ఈ జాకెట్లూ అవీ తొడుక్కోవాల గదా, అందుకని అనుకుంటిని."

"నేను రాహుకాలం చూడలేదు పా. అస్సలు తోచలేదు."

"మన ఇంట్లో పుట్టి పెరిగినదానివి, నీకు తోచకపోతే ఎట్టమ్మా?"

ఇదీ జరిగింది. కూతురు గడియారం చూసింది గానీ రాహుకాలం చూడలేదు. తండ్రి రాహుకాలం చూశారు గానీ గడియారం చూడలేదు. ఇంటి నుంచి బయల్దేరడానికి మాత్రం ముహూర్తం పెట్టి రెండున్నరకే కారెక్కించారు. దార్లో కూడా ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇద్దరం కారులోనే తేల్చుకునేవాళ్ళం. జాకెట్ తొడిగి, తెడ్డు చేతికిచ్చి, అప్పుడు లాక్కోవడమేమిటి?

మా ఇంట్లో రాహుకాలంలో గడప దాటరు. కొత్త బస్తా మూతి విప్పరు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని కబురొస్తే, ఆ గంటన్నర గడిచాకే తిరిగి ఫోను చేస్తారు. మా బజారులో సగం మంది చూస్తారు, కాదనను. వాళ్ళు అంగడి తెరవడానికి చూస్తారు, బేరం కుదుర్చుకోవడానికి చూస్తారు. మా ఆయన గుండుసూది కొనడానికి కూడా చూస్తారు. వంటింట్లో ఒక డైలీ క్యాలెండరు, హాల్లో ఒకటి, పూజగదిలో ఒకటి. నిజానికి అవేవీ అక్కర్లేదు. ఏడు రోజుల రాహుకాలాలూ ఆయనకు నోటికొచ్చు. నాకూ నోటికొచ్చు.

పెళ్ళయిన కొత్తలో ఒక శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు పెసరపప్పు పాయసం టిఫిన్ బాక్సులో పోసుకుని పెరంబూరులో మా అమ్మ దగ్గరికి బయల్దేరాను. వీధి మలుపు కూడా దాటలేదు, అంగడి మనిషిని పరిగెత్తించి వెనక్కి పిలిపించారు. తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు, అంతే. మా అత్తగారు కంచం పట్టుకుని ఆయన వెనకాల తిరిగేది, తిరిగొచ్చి నా మొహం చూసి నిట్టూర్చేది. ఇరవై రెండేళ్ళ పిల్లను నేను. ఒక మనిషి ఆకలితో ఉన్నాడంటే దానికి కారణం నేనే అని ఇల్లంతా నన్నే చూస్తుంటే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆ తర్వాత నన్ను వెనక్కి పిలవాల్సిన పని ఎవరికీ రాలేదు.

జెబకుమార్‌కు మా గొడవ విసుగేసినట్టుంది. "ఒకటి చేద్దాం సార్" అన్నాడు. "ఆరు దాటాక, ఈ జెట్టీ పక్కనే, పడవకు తాడు కట్టి ఒక పది నిమిషాలు కూర్చోబెడతాను. ఫోటోలు తీసుకోండి. దానికైతే నన్ను ఎవరూ ఏమీ అనరు."

"అది చెప్పు ముందు!" అన్నారు మా ఆయన. "చూసినావా కన్యకా, అయిపోయె పని. నీళ్ళే కదా. ఆడున్నా నీళ్ళే, ఈడున్నా నీళ్ళే."

"తాడు కట్టి కూచోబెట్టేదానికి నేనేమన్నా బర్రెనా?"

"అరవొద్దు. నలుగురు చూస్తా ఉండారు."

"చూడనీ. బాగా చూడనీ."

నిజంగానే చూస్తున్నారు. మాకంటే ముందు వచ్చిన ఆఫీసు పిల్లలు అయిదుగురు ఇంకో గైడుతో అప్పుడే నీళ్ళలోకి దిగారు. వాళ్ళలో ఒక అమ్మాయి తెడ్డు ఆపి వెనక్కి తిరిగి మరీ చూసింది. నాకు సిగ్గేయలేదు. ఇన్నేళ్ళూ నలుగురూ చూస్తారనే గదా నోరు మూసుకున్నాను, దానివల్ల ఆ నలుగురూ నాకు ఒరగబెట్టిందేమిటి?

"నీళ్ళతో ఆటలాడకూడదే" అన్నారాయన, గొంతు తగ్గించి. "నేల మీదైతే ఒక రకం. నీళ్ళ మీద రాహుకాలం రెండింతలు."

"ఇది ఏ పంచాంగంలో ఉండాది? ఇప్పుడే చుమ్మా నోటికొచ్చింది చెప్తిరా?"

శ్రుతికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి ఆ నవ్వు మింగేసింది. మింగేసి నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేమ్మా. వచ్చే వారం శనివారానికి మార్చుకుందాం. శనివారం రాహుకాలం పొద్దున్నే కదా, సాయంత్రం ఫ్రీనే. ఎందుకు చెప్పు, ఊరికే టెన్షను?"

ఆయన అన్నదానికంటే ఆ మాట నన్ను ఎక్కువ మండించింది. వచ్చే వారం. పోనీలే. అంత మెత్తగా, ఎవరి తప్పూ లేనట్టుగా. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, కారు నడుపుతుంది, ఆఫీసులో పదిమందికి పని చెప్తుంది, తండ్రి మొహం కాస్త వాడేసరికి శనివారం రాహుకాలం ఎప్పుడో లెక్కేస్తోంది. నిమిషం కిందటి దాకా అస్సలు తోచలేదన్న పిల్ల! అది నా పోలిక. చూస్తుంటే భయమేసింది నాకు.

"నువ్వు నోరు ముయ్యి" అన్నాను దాన్ని.

జెబకుమార్ వాచీ చూసుకున్నాడు. "అమ్మా, అయిదూ ఎనిమిది అయింది. ఇంకో ఏడు నిమిషాలు."

"నా పడవ ఏది?" అని అడిగాను.

పసుప్పచ్చ పడవ చూపించాడు. శ్రుతి చుడీదారు వేసుకుని వచ్చాను ఆ రోజు, అరవయ్యేళ్ళలో అదే మొదటిసారి. నడుం వంగదు, మోకాలు మడతపడదు. ఒక కాలు పెడితే పడవ అటు పోయింది, రెండోది పెడితే ఇటు వచ్చింది. జెబకుమార్ మోచెయ్యి పట్టుకుని, "గబుక్కున కూర్చోండి, ఆలోచించొద్దు" అన్నాడు. ధబ్బున కూర్చున్నాను. తొడల దాకా నీళ్ళు చిమ్మాయి. చల్లగా, కాస్త మురుగు వాసనతో.

మా ఆయన పరుగున వచ్చి జెట్టీ మీద గొంతుక్కూర్చుని పడవ వెనకనున్న తాడుపిడి పట్టుకున్నారు.

"దిగు కన్యకా. నీ మంచికే చెప్తా ఉండాను. నీకేమన్నా అయితే?"

"ఏమన్నా అవనీ. వదలండి."

"వదలను. ఆరింటి దాకా ఆగితే నీ సొమ్మేం పోతుంది? గంట కూడా లేదే. ఒక్క గంట కూచోలేవా?"

అప్పుడు వచ్చేసింది నా నోట. అనాలని అనుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఎన్నిసార్లు నాలుక దాకా వచ్చి ఆగిపోయిందో.

"ఆ సోమవారం తొమ్మిది గంటల దాకా కూచోబెడితిరే, అది చాలదా మీకు? మా అమ్మ మొహం చూడనియ్యకుండా చేస్తిరి. ఇంకా కూచోవాల్నా నేను? ఇంకా ఎన్ని కూచోవాల?"

ఆయన చెయ్యి వదిలేశారు. ఏదో లెక్క వేస్తున్నట్టు నా మొహంలోకి చూశారు. కొట్టాను దెబ్బ అనుకున్నాను నేను. నిజం చెప్తున్నాను, సంతోషమేసింది.

"నువ్వు పోమ్మా" అంది శ్రుతి నీరసంగా. "నేను నాన్న దగ్గరుంటా."

ఆయన దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి. జెబకుమార్ తన పడవలోంచి నా పడవను ఒక తోపు తోశాడు.

మొదట పది నిమిషాలు గానుగెద్దులా ఉన్నచోటే తిరిగాను. కుడిపక్క కొడితే ఎడమకు, ఎడమపక్క కొడితే కుడికి. నీళ్ళను తిట్టాను, తెడ్డును తిట్టాను, ఆ తెడ్డు చేసినవాణ్ణి తిట్టాను. గట్టు మీద నుంచి ఆయన చూస్తూ ఉంటారు, చెప్తిని కదా అనుకుంటూ ఉంటారు అన్న ఆలోచనకే నీళ్ళను ఇంకా గట్టిగా బాదాను.

"అమ్మా, నీళ్ళను కొట్టకండి" అన్నాడు జెబకుమార్ పక్కనే వస్తూ. "ముంచండి, లాగండి, పైకి తీయండి. కోపం వద్దు."

"కోపం నా సొంతం. దాని జోలికి రావద్దు. పడవ సంగతి చెప్పు."

నవ్వాడతను. "సరే, కోపంగానే లాగండి. కానీ లాగండి."

లాగాను. కుడి ఒకటి, ఎడమ ఒకటి. పడవ ముక్కు తిన్నగా నిలబడింది. ఇంకోసారి లాగాను. పోయింది! నేను చూపించిన వైపే పోయింది. గుర్రపుడెక్క పక్కనుంచి, నీటికోళ్ళు కుయ్యిమంటూ తప్పుకుంటుంటే, ఎవరి వెనకా కూర్చోకుండా, ఎవరి నడుమూ పట్టుకోకుండా నేనే పోయాను. ఎంత బాగుందో ఏం చెప్పను! ఆ బాగుండడం కూడా నాకు కోపమే తెప్పించింది. ఇంతేనా? ఇంత సులువైన పనికా అరవయ్యేళ్ళు పట్టింది? భుజాలు నొప్పి పుట్టేదాకా ఆపకుండా తెడ్డు వేశాను.

చెరువు నడుమకు వచ్చాక జెబకుమార్ ఆగమన్నాడు. అపార్ట్‌మెంట్ల సందులోంచి పొద్దు నీళ్ళ మీదకు దిగుతోంది. ఆఫీసు పిల్లలు దూరంగా ఫోటోలు దిగుతున్నారు. నేను పొద్దు చూడ్డానికే వచ్చాను గానీ నా కళ్ళకు వేరేవి కనిపిస్తున్నాయి. ఆ సోమవారం చెప్పేశాను కదా, ఇక అది లోపల ఉండనంటోంది.

సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. ఏడూ ఇరవైకి పెరంబూరు నుంచి మా తమ్ముడు విజయకుమార్ ఫోను చేశాడు. "అక్కా, అమ్మ నిన్నే అడగతా ఉండాది. బిరీన రా." పది రోజులుగా అమ్మకు బాగాలేదు. వాడి గొంతు వినగానే తెలిసింది. చీర మార్చుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. మా డ్రైవరు గోవిందన్ కింద కారు సిద్ధంగా పెట్టాడు. అక్కడి నుంచి పెరంబూరు ఎంత? ఇరవై నిమిషాలు. తలుపు పక్కన కుర్చీ ఉంది. తొమ్మిది దాకా ఆ కుర్చీలో కూర్చున్నాను. "తొమ్మిది దాటనీ" అన్న ఆ మాట, ఆ నెమ్మదైన గొంతు, ఇప్పటికీ నా చెవిలో ఉంది. తొమ్మిది కొట్టగానే కారెక్కాను. తొమ్మిదీ ఇరవైకి వాళ్ళ మెట్లెక్కాను. ఎనిమిదీ నలభైకి అమ్మ పోయింది. ఆఖరుకు ఏమడిగింది అంటే, కన్యక వచ్చిందా అని అడిగిందట. మూడుసార్లు అడిగిందట. విజయకుమార్ చెప్పాడు. ఎందుకు చెప్పాడో, చెప్పకపోతే ఏం పోయేదో వాడికి.

ఆ రోజు నుంచి ఆయనకు వండిపెట్టాను, పక్కన పడుకున్నాను, షష్టిపూర్తి పీటల మీద కూర్చున్నాను. క్షమించలేదు. ఒక్క రోజు కూడా క్షమించలేదు.

"సార్ అప్పట్నుంచీ నిలబడే ఉన్నారమ్మా" అన్నాడు జెబకుమార్, గట్టు వైపు చూస్తూ. "కుర్చీ వేసినా కూర్చోలేదు."

చూశాను. తెల్ల చొక్కా ఒకటి చిన్నగా కనిపించింది. చెయ్యి ఊపలేదు నేను. నిలబడనీ, కాళ్ళు పీకనీ అనుకున్నాను.

ఆరు కావస్తుంటే పడవలు తిప్పమని ఈల వేశాడు. తిరిగి వచ్చేటప్పుడు నేనే ముందు, అతను వెనక. మేము జెట్టీకి ఇరవై గజాల దూరంలో ఉండగా ఆరు దాటి రెండు నిమిషాలైనట్టుంది, మా ఆయన పడవలోకి దిగారు. కంపెనీ మనిషి ఒకడు జెట్టీ మీద నిలబడి తాడు పట్టుకున్నాడు. పక్కన శ్రుతి. ఆయన రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. తెడ్డు ఒళ్ళో అడ్డంగా ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఆయనకు నీళ్ళంటే భయమని అప్పుడు తెలిసింది నాకు. ముప్పై ఎనిమిదేళ్ళకు.

పక్కకు పోయి ఆపాను. ఏం బాగుందా అని వెక్కిరిద్దామనే పోయాను.

"కన్యకా" అన్నారు. నవ్వు లేదు. "ఆ సోమవారం నేను ఊళ్ళోనే లేను."

"ఏమి?"

"గుంటూరులో ఉంటిని. మిరపకాయలు చూసేదానికి శనివారమే పోతిని. విజయకుమారు ఫోను చేసింది నీకు. నాకెవరూ చెప్పలా. పదింటికి నాకు ఫోను వచ్చె, అమ్మ పోయినారని. రాత్రి బండికి వస్తిని." ఊపిరి తీసుకున్నారు. "ఈ గంటా అదే ఆలోచిస్తా ఉంటిని. నేను కూచోబెడితిని అంటావే, నేను ఆడ లేను కదా అని."

అబద్ధం అనబోయాను. నోటి దాకా వచ్చిన మాట బయటికి రాలేదు.

ఆ పొద్దున మా ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియకపోవడమేమిటి? శ్రుతిని ఏడింటికే స్కూలు బండి ఎక్కించాను. మా అత్తగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన గుంటూరులో. ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు దాకా వచ్చాను, క్యాలెండరు వైపు కూడా చూడలేదు, ఏడున్నర దాటిందని నాకు నేనే అనుకుని కూర్చున్నాను. ఆ కుర్చీ పక్కన ఆయన్ను తర్వాత తెచ్చి నిలబెట్టింది నేనే. అక్కడ ఎవరూ లేరనుకుని బతకడం కంటే ఆయన ఉన్నారనుకుని బతకడం సులువు. మొదట్లో అది అబద్ధమని తెలిసే అనుకునేదాన్ని. పోను పోను ఆయన గొంతు నిజంగానే వినబడింది.

ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు. కోపమే వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడి కోసం దాచిపెట్టిన కోపంలో సగం నా మీదికి తిరిగింది. మిగతా సగం ఎటూ పోలేదు.

ఆయన ఇంకో మాట అనకుండా ఉండాల్సింది.

"పోయుండచ్చు కదే" అన్నారు, ఎంతో మెత్తగా. "అమ్మ కదా. నేనేమన్నా అనుంటానా?"

తాడు పట్టుకున్న మనిషి తల తిప్పుకున్నాడు. శ్రుతి జెట్టీ అంచున నిలబడి, ఒకసారి ఆయన్ను, ఒకసారి నన్ను చూస్తోంది. అది కూడా వినాలనే గట్టిగా చెప్పాను.

"అవును, మీరు లేరు. ఎవరూ లేరు. తలుపు తీసే ఉండె. గోవిందన్ కిందనుంచి రెండు తూర్లు హారన్ కొట్టె. మీరు గుంటూరులో ఉండంగా, ఈడ నేను కూచోనుంటిని. నా చేతి అన్నం రెండు దినాలు తినకుండా మీరు నేర్పిస్తిరి, మీరు లేకపోయినా మరిచిపోకుండా ఉండేంత బాగా నేర్చుకుంటిని. అమ్మ పిలిస్తే, నేను టైము చూస్తిని."